మిత్రుడితో కలిసి సముద్రం మీదికి వెళ్లబోయే చిరంజీవికి



విశాఖపట్నం నుంచి భీమునిపట్నం వరకు సాగే తీరంలో ఇసుక మేటల మధ్య అక్కడక్కడా తూర్పు కనుమల రాతి కొనలు నీటిలోకి చొచ్చుకుపోయి ఉంటాయి. ఖొండలైట్ అనే ఆ ఎర్రటి శిల అంచున మిత్రుడితో కలిసి కయాక్ నడపాలన్న కోరిక మెచ్చదగినదే. అయితే రెండు పడవలు పక్కపక్కన సాగినంత మాత్రాన ఇద్దరూ కలిసి వెళ్తున్నట్టు కాదన్న సంగతి ఒడ్డున ఉండగానే గ్రహించడం మేలు.

కయాక్ ఉత్తర ధ్రువ ప్రాంతపు ఇన్యూట్ ప్రజల పడవ. కొట్టుకొచ్చిన కలపతో, ఎముకలతో చట్రం కట్టి, దానిపై సీలు చర్మం బిగించి, వారు అందులో వేటకు వెళ్లేవారు. నేటి సముద్రపు కయాక్ సుమారు 5 మీటర్ల పొడవు, రెండడుగులకు కాస్త అటూ ఇటూ వెడల్పు ఉండి, ముందూ వెనకా నీరు చొరబడని అరలతో, కూర్చున్నవారి నడుము చుట్టూ బిగించే గుడ్డ కప్పుతో తయారవుతుంది. సన్నగా ఉండడం వల్లనే అది వేగంగా పోతుంది, ఆ కారణంగానే కొత్తవారి చేతిలో బోల్తా పడుతుంది.

రాతి తీరంలో ప్రమాదం ఇసుక తీరంలోని ప్రమాదం వంటిది కాదు. వాలుగా ఉన్న ఇసుక మీద కెరటం విరిగి తన బలాన్ని చాలావరకు కోల్పోతుంది గాని, లోతైన నీటిలో నిటారుగా నిలిచిన రాతిగోడకు తగిలిన కెరటం దాదాపు అదే బలంతో వెనుదిరిగి, ఎదురుగా వస్తున్న మరో కెరటంతో కలిసినప్పుడు, ఆ రెండింటి ఎత్తూ ఒకచోట చేరి నీరు ఉన్నచోటనే నిలువునా లేచి పడుతుంటుంది. ఇంతకంటే మోసకరమైనది నీటి అడుగున దాగిన బండ: చిన్న అలలు దానిపై నుంచి చప్పుడు లేకుండా సాగిపోతాయి, కాసేపటికి వచ్చే పెద్ద కెరటం మాత్రం దానిపైనే విరుచుకుపడుతుంది. అందువల్ల రాళ్ల దగ్గరికి వెళ్లే ముందు దూరంగా ఆగి, పెద్ద కెరటాల వరుస ఒకటి రెండు సార్లు వచ్చిపోయేదాకా చూడడం అనుభవజ్ఞుల పద్ధతి. ఆ నిరీక్షణను పిరికితనంగా భావించే స్నేహితుడితో వెళ్లకపోవడమే మంచిది.

తిరగబడిన పడవను అందులో కూర్చునే, నడుము విసురుతో, తెడ్డు ఊతతో మళ్లీ నిలబెట్టే విద్య గురించి యువకులు గొప్పగా చెప్పుకుంటారు. అది అవసరమే, రాళ్ల చెంత మరీ అవసరం. కాని అది తప్పిన రోజున పనికొచ్చేది రెండవ మనిషి. అతడు బోల్తాపడిన పడవ ముక్కును తన పడవ మీదికి అడ్డంగా లాగి, నీరు కార్చి, తిప్పి పక్కన ఆనించి పట్టుకుంటే, నీటిలో ఉన్నవాడు పాకి ఎక్కుతాడు. ఇది చదివితే వచ్చేది కాదు. ఇద్దరూ ప్రశాంతమైన నీటిలో పలుమార్లు వంతులవారీగా మునిగి తేలితేనే వస్తుంది. రాళ్ల పక్కన అదైనా సాగదు కనుక, ముందు తాడు వేసి బయటికి లాగాలి. పిలిస్తే వినబడేంత దగ్గరగా, కెరటం విసిరితే ఢీకొననంత దూరంగా ఇద్దరూ ఉండాలనడంలోని అర్థమిదే.

ఈ లేఖ ముఖ్యంగా చెప్పదలచినది, వెనుదిరగవలసిన వేళను గురించి. ఇద్దరిలో ఎవరికి ముందుగా భయం కలిగితే వారి మాటే చెల్లాలి, కారణం అడగకూడదు, ఒడ్డుకు చేరాక వెక్కిరించకూడదు. ఒకసారి వెక్కిరింపుకు గురైన స్నేహితుడు మరోసారి భయం కలిగినా నోరు విప్పడు. అతడి మౌనాన్ని అంగీకారంగా తీసుకుని బలవంతుడు ముందుకు సాగిపోతాడు. అలా కలిగే కీడులో కెరటం పాత్ర కంటే ఆ వెక్కిరింపు పాత్రే ఎక్కువ. ముందు సాగేవాడు తరచూ వెనక్కి చూడాలనీ, నెమ్మదైనవాడి వేగమే ఇద్దరి వేగం కావాలనీ చెప్పే నియమాలు దీని నుంచి పుట్టినవే.

కాలం ఎంచుకోవడంలో పెద్దగా చర్చ అక్కరలేదు. జూన్ నుంచి సెప్టెంబరు వరకు నైరుతి రుతుపవనాల ఉధృతి, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తుపానుల భయం ఉంటాయి. ఆ తరువాతి నెలల్లో సైతం పొద్దెక్కేకొద్దీ సముద్రపు గాలి బలపడుతుంది కాబట్టి తెల్లవారుజామున బయలుదేరడం ఉత్తమం. ఆ రోజు జాలరులు తెప్పలు దించకుండా ఒడ్డున కూర్చుంటే, కారణం తెలియకపోయినా పడవను కదపకూడదు.

తిరిగి వచ్చేటప్పుడు ఇద్దరూ ఒకేసారి ఒడ్డున విరిగే కెరటాల్లోకి దిగకూడదు, ఒకరి పడవ మరొకరిని కొట్టగలదు. ముందు దిగినవాడు ఇసుక మీద నిలబడి, తెడ్డును నిలువుగా ఎత్తితే రమ్మని, అడ్డంగా పట్టుకుంటే ఆగమని రెండవవాడు గ్రహించేలా ఆ సంకేతాలను ముందే నిర్ణయించుకోవాలి. రెండవ పడవ ఇసుకను తాకేదాకా మొదటివాడు బట్టలు మార్చుకోవడం గాని, ఫోను చేతిలోకి తీసుకోవడం గాని పనికిరాదు.