నీటిగుంట యొద్ద కన్ను

ధ్యానభాగములు: ఆదికాండము 16, కీర్తన 42



ఎండలు ముదిరి చెరువులు అడుగంటినప్పుడు 42వ కీర్తన మనకు జ్ఞాపకము వచ్చును. దప్పిగొన్న దుప్పిని చూపి భక్తుడు తన ఆత్మదాహమును తెలిపెను. ఈ నెల మనము ఆ దుప్పి త్రాగవచ్చు నీటి యొద్దనే కొంతసేపు నిలువబడుదము. అక్కడ దానిని కనిపెట్టుచున్న కన్ను ఎవరిది?

అమెరికా దేశములో నియమిత కాలమందు జింకల వేటకు చట్టము సెలవిచ్చును. వేట ఆకురాలు కాలమున మొదలైనను, వేటగాని పని జూలై, ఆగస్టు మాసములలోనే ఆరంభమగును. అతడు ట్రైల్ కెమెరా అను చిన్న పెట్టెను జింకల బాటప్రక్కనో, సోయా చేని అంచుననో, నీటిగుంట యొద్దనో చెట్టుకు కట్టి వచ్చును. వెచ్చని దేహమేదైనను యెదుట కదలగానే అది తనంతట తానే ఫొటో తీయును. కొన్ని పెట్టెలు ఆ ఫొటోను వెంటనే ఇంటనున్న యజమానుని ఫోనుకు పంపును. వేసవిలో మగజింకల కొమ్ములు నూగుచర్మముతో కప్పబడి పెరుగుచుండును. అవి గుంపులుగా మేయును. ఏ జింక ఏ వేళ వచ్చుచున్నదో వేటగాడు గురుతు పెట్టుకొనును.

దీనిలో ఓర్పు కలదు, అడవిజీవుల నడకను ఎరుగు నేర్పును కలదు. దానిని మేము తృణీకరింపము. అయినను ఆ నేర్పునకు హద్దు కలదు. సెప్టెంబరు గడచుసరికి నూగుచర్మము ఊడును, గుంపు విడిపోవును. ఆగస్టులో దినదినము కనబడిన జింక అక్టోబరులో ఆ చేనికే రాకపోవచ్చును.

ఇక ఎండదేశమైన ఆరిజోనా రాష్ట్రమును చూడుడి. అక్కడ వేసవిలో నీరు బహు అరుదు. ఒకే నీటిగుంట చుట్టు అనేకులు కెమెరాలు కట్టిరి. వాటిని చూచుకొనుటకు మాటిమాటికి వచ్చువారివలన జంతువులు బెదరుననియు, దప్పికచేత రాక తప్పని ప్రాణిని ఈలాగు పొంచి పట్టుట న్యాయమైన వేట కాదనియు వాదము పుట్టెను. 2021 జూన్‌లో ఆ రాష్ట్రపు వన్యప్రాణి కమీషను, వేటకు సాయముగా ఈ కెమెరాలను వాడరాదని తీర్మానించెను. 2022 జనవరి 1 నుండి అది అమలులోనికి వచ్చెను. నిషేధింపబడినది కెమెరా కాదు. వేటకై దాని వాడుక.

కన్ను ఒకటే, తలంపు వేరు. జార్జి షైరస్ అను అమెరికా దేశస్థుడు మొదట వేటగాడే. తరువాత తుపాకి విడిచి కెమెరా పట్టెను. అడవిజంతువు తాడును తాకగానే దాని ఫొటో పడునట్లు ఏర్పాటు చేసెను. 1906 జూలైలో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక అతడు తీసిన 74 ఫొటోలను ప్రచురించెను. మన నల్లమలలోను ఇట్టి కెమెరాలు కట్టుచున్నారు. అయితే అవి పులులను లెక్కించి కాపాడుటకే.

ప్రియులారా, మన సంఘములలో నీటిగుంట లేదా? పిల్లవాని ఫీజుకో, విత్తనములకో, ఆసుపత్రి ఖర్చునకో దప్పిగొని మన గుమ్మము నొద్దకు వచ్చువారు లేరా? ఒక వేసవిలో ఒక సహోదరుడు బియ్యము కొరకు మా యింటికి వచ్చెను. మేము ఇచ్చితిమి. కాని మరుసటి యేడు సంఘకూటములో అతడు మా మాటకు ఎదురాడగా, ఆ బియ్యపు సంగతి అందరి యెదుట ఎత్తితిమి. అతడు తల వంచుకొని కూర్చుండెను. ఆ దినమున మేము అతని దాహమును గురుతు పెట్టుకొని వేటాడినవారమైతిమి. తరువాత అతని యింటికి పోయి క్షమాపణ కోరితిమి. అతడు క్షమించెను గాని, కరవు వచ్చినను మరల మా గుమ్మమునకు రాలేదు.

హాగరు అరణ్యములో నీటి ఊట యొద్ద ఉండగా ప్రభువు దూత ఆమెను కనుగొనెను. తరిమి పట్టుటకు కాదు; ఆమె శ్రమను దేవుడు వినెనని తెలుపుటకే. తన్ను చూచుచున్న దేవుడని ఆమె ఆయనకు పేరు పెట్టెను. పొరుగువాని అక్కర మన కంట పడినప్పుడు, ఆ చూపు ఆయన చూపువలె ఉండవలెను.

ప్రార్థన: మమ్మును చూచుచున్న ప్రభువా, మా యొద్దకు దప్పిగొని వచ్చువారు నిర్భయముగా త్రాగి వెళ్లునట్లు మా కన్నులను శుద్ధిచేయుము. ఆమేన్.