ఆకలి లేని చేప

పుష్యమాసంలో పొద్దున ఏడున్నరైనా మా చెరువు మీద మంచు విడవదు. కట్ట మీద కూర్చుంటే తూము కనపడదు, అవతలి ఒడ్డు కనపడదు. పది గజాల దూరంలో నా గాలం బెండు మాత్రం కదలకుండా కనపడుతుంది. ముప్ఫై మూడేళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పి, రిటైరయ్యాక నేను కొత్తగా నేర్చుకున్న విద్య ఇదొక్కటే. గురువు నా దగ్గర ఏడో తరగతిలో బడి మానేసిన ముదిరాజుల పిల్లవాడు. ఇప్పుడతనికి పెళ్ళీడు పిల్లలున్నారు.

చలికాలంలోనే ఎందుకు మొదలుపెట్టించావని అడిగాను.

"వానకాలంల ఎవ్వడైనా పడ్తడు సారూ. మత్తడి దుంకంగ గంప పెట్టినా చాపలు దొర్కుతయి. చలిల పట్టినోడే పట్టినోడు" అన్నాడు.

తొలివరదకు చేప తనంతట తానే ఎదురెక్కి వస్తుంది. చలికి నీళ్ళతో పాటు దాని ఒళ్ళూ చల్లబడుతుంది, తిన్నది అరగదు, ఆకలి తగ్గుతుంది. కొరమట్ట తుంగ మొదళ్ళలో బురదనానుకొని పడి ఉంటుంది. అయితే దానికి మొప్పలతో తీసుకునే గాలి చాలదు. ఎంత చలైనా అప్పుడప్పుడూ పైకి వచ్చి ఒక గుటక గాలి మింగి పోవాల్సిందే. ఆ గుటకను గుర్తుపట్టడమే చలికాలపు చదువు. పరక ఎగిరితే నీళ్ళు చిట్లుతాయి. బంగారుతీగ బురద కెలికితే బుడగలు వరసగా లేస్తాయి. కొరమట్ట వస్తే, సన్నసెగ మీద పప్పు ఒక్కసారి గుబుక్కుమన్నట్టు ఉంటుంది. ఆ తర్వాత నీళ్ళ మీద ఒక గుండ్రం, అంతే. అది నా కంటికి ఆనడానికి రెండు చలికాలాలు పట్టింది. మొదటి చలికాలమంతా నేను బెండునే చూస్తూ కూర్చున్నాను. "బెండును చూస్తె బెండే దొర్కుతది సారూ" అని శిష్యుడు, అదే, గురువు వెక్కిరించాడు.

మా అబ్బాయి సియాటిల్లో ఉంటాడు. ఆఫీసు స్నేహితులతో కలిసి వాడూ గాలం పట్టాడు. అక్కడ చలికాలంలో స్టీల్‌హెడ్ అనే చేప కోసం పోతారు. ఏట్లో పుట్టి, సముద్రానికి పోయి, అక్కడ ఏళ్ళ తరబడి మేసి బలిసి, డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా పొంగిన ఏళ్ళలో గుడ్లు పెట్టడానికి ఎదురెక్కి వస్తుందట. వెయ్యిసార్లు విసిరితే ఒకసారి పడే చేపని దానికి పేరు. వీపు మీద తోక దగ్గరుండే చిన్న రెక్క కత్తిరించి ఉంటే అది హేచరీలో పెంచినది, తెచ్చుకోవచ్చు. రెక్క ఉంటే అది ఏటి సొంత బిడ్డ, నీళ్ళలోంచి పైకెత్తకుండానే వదిలెయ్యాలి. మావాడు మూడు చలికాలాలు హో నది ఒడ్డున వణికి పట్టింది ఒక్కటంటే ఒక్కటి. అదీ రెక్క ఉన్నదే. వాళ్ళమ్మ ఇప్పటికీ ఆ ఖర్చు లెక్క అడుగుతుంది.

వాడు ఫోన్లో ఒక మాటన్నాడు. "బాపూ, ఏట్లోకి వచ్చినంక అది ఇంచుమించు ఏం తినదు. అయినా ఎరను కొరుకుతది. ఎందుకో!" కోపమని కొందరు, చిన్ననాటి అలవాటని కొందరు, తన చోటికి అడ్డం వచ్చిందని కొందరు చెబుతారట.

మర్నాడు గురువును అడిగితే అతనికి ఆశ్చర్యమే కలగలేదు. "మన కొరమట్ట గంతే గద!" అన్నాడు. వానకాలంలో జంట కలిసి గడ్డి తొలగించి చోటు చేసుకుంటాయి. గుడ్లు నీళ్ళ మీద తేలుతాయి. కాపలా ఉంటాయి. పిల్లలు పుట్టి కాస్త ఎదిగాక, గుప్పెడు కుంకుమ నీళ్ళలో పోసినట్టు ఎర్రటి గుంపుగా తిరుగుతాయి. కింద నీడలా తల్లీతండ్రీ. ఆ గుంపు మధ్య గాలానికి కప్పను కట్టి వేస్తే, పెద్దచేప లేచి కొట్టి తీరుతుంది. తినడానికి కాదు, చంపడానికి. అంత తేలిగ్గా కొరమట్ట ఇంకెప్పుడూ పడదు. అది ఒడ్డెక్కాక పిల్లల్ని పరకలూ మార్పులూ ఏరుకుంటాయి.

"నువ్వట్ల పట్టినవా?"

"చిన్నప్పుడు చానా" అన్నాడు, ఎర్రను గాలానికి గుచ్చుతూ.

ఎర చూపారంటాం, గాలానికి చిక్కాడంటాం. రెండింటిలోనూ చిక్కినవాడి అత్యాశను ఎత్తిపొడవడమే ఉంటుంది. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. నిరుడు ఒక మధ్యాహ్నం రెండున్నరకు ఫోన్ వచ్చింది. పోలీసు గొంతు. మీ అబ్బాయి మా అదుపులో ఉన్నాడు, కేసు కాకుండా ఉండాలంటే లక్షా ఎనభై వేలు వెయ్యండి. వెనక ఎవరో ఏడుస్తున్నారు. జన్మలో లాటరీ టికెట్టు కొననివాణ్ణి, ఇరవై నిమిషాల్లో బ్యాంకులో ఉన్నాను. ఒక కాలికి నా చెప్పు, ఒక కాలికి మా ఆవిడది. కౌంటర్లో అమ్మాయి నా మొహం చూసి, "అబ్బాయికి ఫోన్ చేసిండ్రా సార్?" అంది. చేశాను. అక్కడ అర్ధరాత్రి దాటింది. వాడు నిద్రమత్తులో "ఏంది బాపూ" అన్నాడు.

నా ఎర్రగుంపులోకి ఎవడో కప్పను విసిరాడు.

పోతన ఊరు బమ్మెర మాకు ఎంతో దూరం లేదు. ఆయన భాగవతం ఎనిమిదో స్కంధంలో సత్యవ్రతుడి దోసిట్లోకి ఒక చేపపిల్ల వస్తుంది. పెద్దచేపలు మింగుతాయి, కాపాడమంటుంది. రాజు సరేనంటాడు. అక్కణ్ణుంచి అది పెరిగేకొద్దీ పాత్ర మార్చి, నీళ్ళు మార్చి, చివరికి సముద్రం దాకా మోస్తాడు. ఇన్నాళ్ళూ ఆ కథలో దేవుణ్ణే చూశాను. ఇప్పుడు దోసిలి పట్టినవాణ్ణి చూస్తున్నాను. గాలం లేకుండానే చిక్కినవాడతడు.

ఇలాంటి ఫోన్లు వస్తే కంగారుపడకుండా ఆలోచించమని అందరూ చెబుతున్నారు. మంచి మాటే, నేనూ నలుగురికి చెబుతున్నాను. కానీ కప్ప పడ్డప్పుడల్లా ఆగి ఆలోచించే కొరమట్ట అయితే, ఈపాటికి చెరువులో దాని జాతే ఉండేది కాదు. తెలంగాణ వచ్చాక దాన్ని రాష్ట్ర చేపగా ప్రకటించారు. 2016 నుంచి సర్కారు చెరువుల్లో పోయిస్తున్న ఉచిత చేపపిల్లల్లో ఎక్కువ బొచ్చె, రవ్వ, బంగారుతీగలే. మా చెరువులో కొరమట్ట పెరిగేది చాలామటుకు దాని కాపలా వల్లనే.

మొన్న వానకాలంలో తూము పక్కన ఎర్రగుంపు కనపడితే మేమిద్దరం గాలాలు చుట్టుకొని అవతలి ఒడ్డుకు పోయాం. ఈ చలికాలం ఇప్పటిదాకా నాకు పడ్డవి తొమ్మిది పరకలు, ఒక కొరమట్ట. కిలోకు కొంచెం తక్కువ.