వార్ధక్యమున మనశ్శాంతి

శ్రియఃపతియగు శ్రీమన్నారాయణుని కృపచే లభించిన ఈ మానవ దేహము బాల్య, కౌమార, యౌవన, వార్ధకములను నాలుగు దశలను దాటవలసియున్నది. మొదటి మూడింటికిని మనము ఎదురేగి స్వాగతము పలుకుదుము. నాలుగవదానిని మాత్రము పిలువని పేరంటమునకు వచ్చిన చుట్టముగా చూతుము. తల నెరసినచో దాచుకొందుము. చూపు మందగించినచో దీపమును నిందింతుము. అయినను వచ్చిన చుట్టము వెళ్లదు. వెళ్లని చుట్టముతో కలహించుచు కాలము గడుపుటయా, పీటవేసి కూర్చుండబెట్టి మర్యాద చేయుటయా అనునదే వివేకి యోచింపవలసిన విషయము.

కర్నూలు, కడప సీమల గ్రామములలో ఉపన్యాసములు ముగిసిన పిమ్మట వృద్ధులు కొందరు దగ్గరకు వచ్చి కూర్చుందురు. మోక్షమార్గమును గూర్చి అడుగువారు కొలది మందియే. "రాత్రి నిద్ర పట్టదు, ఏమి చేయవలెను?" అని అడుగువారే ఎక్కువ. ఒకసారి ఆళ్లగడ్డ ప్రాంతమున ఒక వృద్ధ కర్షకుడు అందరును వెళ్లువరకు వేచియుండి నా కడకు వచ్చెను. దేహబలమున్న దినములలో ప్రతి స్వాతీ నక్షత్రమునాడు ఎగువ అహోబలమునకు నడచి వెళ్లి స్వామిని సేవించిన భక్తుడాయన. ఆయన మాటలను ఆయన పలికినట్లే వ్రాయుచున్నాను.

"మోకాళ్లు పట్టుకున్యాయి, కొండెక్కలేను సామీ. అది పోనీ. సహస్రనామం చదువుకుంటాంటే నడుమ నడుమ మరిచిపోతాండా. ఆఖరి గడియలో ఆయన పేరే మతికి రాకపోతే నా గతేంది?"

"స్వామి దయామయుడు, చింతింపకుడు" అని నేను చెప్పితిని. ఆయన తల ఊపి వెళ్లిపోయెను గాని, ఆ ముఖమున తృప్తి కనబడలేదు. నేను చెప్పినది అబద్ధము కాదు. కాని అది సమాధానమును కాదు. ఆ ప్రశ్న నన్ను చాల దినములు వెంటాడినది. దానికి పెద్దల వాక్కులలో దొరికిన సమాధానమును, దానితోపాటు నిత్యజీవితమున మనశ్శాంతిని నిలుపుకొను మార్గములను పాఠకులతో పంచుకొనుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

నిద్ర పట్టని రాజు

మహాభారతము ఉద్యోగపర్వమున ధృతరాష్ట్రునకు ఒక రాత్రి నిద్ర పట్టదు. విదురుని పిలిపించి కారణమడుగును. విదురుడు తడుముకొనక సమాధానము చెప్పును. బలవంతునితో వైరము తెచ్చుకొన్న దుర్బలునకును, ఉన్నదంతయు పోగొట్టుకొన్నవానికిని, కామాతురునకును, దొంగకును నిద్ర రాదట. ఇట్లు చెప్పి, "ఈ దోషములు నిన్ను తాకలేదు కదా? పరుల సొమ్మునకు ఆశపడి తపించుటలేదు కదా?" అని సున్నితముగా ప్రశ్నించును. వైద్యుడు నాడిని పట్టుకొన్నట్లు విదురుడు ఆ రాజు మనస్సును పట్టుకొనెను.

మనలో ఎందరు ధృతరాష్ట్రులు లేరు? కుమారునకు నలువది ఏండ్లు వచ్చినను బీరువా తాళపుచెవి మన మొలనే వ్రేలాడవలెను. విత్తనము ఎప్పుడు వేయవలెనో, పెండ్లి ఎచ్చట కుదుర్చవలెనో, కూరలో ఉప్పెంత వేయవలెనో మనమే చెప్పవలెను. మన మాట చెల్లనినాడు అన్నము సయింపదు, నిద్ర రాదు. లోకులు దానిని వార్ధక్య దోషమందురు. నిజమునకది అధికారమును విడువలేని దోషము. ధృతరాష్ట్రుడు సింహాసనమును విడువలేదు, కుమారునిపై వ్యామోహమును విడువలేదు. తుదకు భీముడు పెట్టిన అన్నము తినుచు ఆ యింటనే పడియుండెను. భాగవతమున విదురుడే మరల వచ్చి కఠినముగా హెచ్చరించిన పిదప గాని ఇల్లు విడువలేదు.

కావున పెద్దలు చేయవలసిన మొదటి సాధన అప్పగింత. లెక్కలను, తాళములను, నిర్ణయములను శరీరము దృఢముగా నున్నప్పుడే పిల్లలకు క్రమముగా అప్పగింపవలెను. అడిగినప్పుడు సలహా చెప్పవలెను. అడుగనప్పుడు తిరుమంత్రము చెప్పుకొనవలెను. ఆస్తి విషయమున స్పష్టమైన పత్రము వ్రాసి యుంచవలెను. అయితే తమ జీవనమునకు, వైద్యమునకు కావలసినది తమ యొద్ద నుంచుకొనుట దురాశ కాదు, వివేకము.

కరవుసీమ నేర్పిన మితము

ఆహారమున, విహారమున, నిద్రయందు, మేల్కొనుటయందు మితము పాటించువానికే యోగము దుఃఖనాశకమగునని గీత ఆరవ అధ్యాయమున భగవానుడు ఉపదేశించెను. అతిగా భుజించువానికిని, బొత్తిగా భుజింపనివానికిని యోగము కుదరదని కూడ ఆయనే చెప్పెను.

మన సీమకు మితము గ్రంథములనుండి కాక మబ్బులనుండి అలవడినది. 1876 నుండి 1878 వరకు ఈ సీమను దహించిన ధాత కరవు ముచ్చట్లు నేటికిని ముసలివారి నోట వినవచ్చును. వాన వచ్చునో రాదో తెలియదు. అయినను దుక్కి దున్ని విత్తనము సిద్ధము చేసికొనుట మానరు. చేయవలసినది చేసి ఫలమును దేవుని యందుంచు విద్య మెట్టరైతునకు పుట్టుకతోనే అబ్బినది. చింత వదలుట యనగా పని వదలుట కాదు. దుక్కి మనది, వాన ఆయనది. ఈ రెంటి నడిమి గట్టు తెలిసినవానికి సగము దిగులు తీరినట్లే.

భోజన విషయమునను మన పూర్వుల దారి మంచిది. జొన్నరొట్టె, రాగిసంగటి, కొఱ్ఱన్నము, ఉలవచారు మన వంటయింటి సొమ్ము. నేడు పట్టణములవారు వీనిని మరల వెదకుకొనుచున్నారు. రాత్రి భోజనము పెందలకడ ముగించి, తేలికగా తినుట నిద్రకు మేలు. ఇక నడక. అరువదియైదు ఏండ్లు దాటినవారును వారమునకు కనీసము నూటయేబది నిమిషములు ఓ మోస్తరు శ్రమ చేయవలెననియు, వారమున మూడు దినములైనను పట్టు తప్పి పడకుండుటకు తగిన అభ్యాసములు చేయవలెననియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినది. దినమునకు ఇరువది రెండు నిమిషములైన చాలును. ఉదయము గుడికి నడచి, మెల్లగా ప్రదక్షిణములు చేసి, ధ్వజస్తంభము కడ కొంతసేపు కూర్చుండి వచ్చువానికి ఆ సూచన తెలియకయే నెరవేరును. నడకతోపాటు నాలుగు పలకరింపులును లభించును. ఒంటరితనమునకు అంతకు మించిన మందు లేదు.

ఇచ్చట ఒక హెచ్చరిక చేయక తప్పదు. భక్తి పేరిట మందులు మానువారున్నారు. రక్తపోటు, చక్కెర వ్యాధి ఉన్నవారు ఏకాదశినాడు మాత్రలు మ్రింగి కటిక ఉపవాసముండి కళ్లు తిరిగి పడిపోవుచున్నారు. ఎనిమిదేండ్లలోపు బాలురకును, ఎనుబదియేండ్లు దాటిన వృద్ధులకును ఏకాదశీ ఉపవాసము విధి కాదని ధర్మశాస్త్రమే సడలించినది. రోగులు పాలు, పండ్లు స్వీకరించుటకు పెద్దలు అనుమతించిరి. ఉపవాసమనగా భగవంతునికి దగ్గరగా వసించుట. ఆసుపత్రికి దగ్గరగా వసించుట కాదు. వైద్యునితో సంప్రదించి వ్రతమును నడుపుకొనుడు. నిద్ర పట్టనివారు, దిగులుతో కుములువారు ఆ సంగతిని కూడ వైద్యునకు చెప్పుకొనుడు. అందు సిగ్గుపడవలసినది లేదు.

జ్వాల చల్లారిన విధము

అహోబల క్షేత్రము నేటి నంద్యాల జిల్లాలోనిది. నల్లమల నడుమ స్వామి తొమ్మిది రూపములతో వెలసియున్నాడు. జ్వాలా నరసింహుని సన్నిధిని స్మరించినప్పుడెల్ల ఆ ఉగ్రమూర్తి ఎట్లు శాంతించెనను కథ జ్ఞప్తికి వచ్చును. బ్రహ్మరుద్రాదులు దగ్గరకు రాలేకపోయిరి. సాక్షాత్తు లక్ష్మీదేవియే జంకెను. పసివాడగు ప్రహ్లాదుడు మాత్రము నిర్భయముగా సమీపించి పాదములపై పడెను. స్వామి తన కరకమలమును ఆ బాలుని శిరస్సుపై నుంచగా కోపము కరుణగా మారినది.

ముసలితనమున కోపము హెచ్చును. చెవి వినబడదు, మాట అర్థము కాదు, తనను గూర్చియే ఏదో అనుకొనుచున్నారని అనుమానము. వినికిడి తగ్గినచో చెవికి సాధనము పెట్టించుకొనుట కోపమునకు తొలి చికిత్స. రెండవ చికిత్స ప్రహ్లాదుడే. ఇంటిలో మనుమడో మనుమరాలో ఉన్నచో ఒడిలో కూర్చుండబెట్టుకొని ఒక కథ చెప్పుడు. మీ చేయి ఆ పసి తలపై నున్నంతసేపు మీ కోపము నిలువదు. పిల్లలు దూరదేశముననున్నచో పొరుగింటి పసివారు లేరా? ఆ క్షేత్రముననే ప్రహ్లాదునకు యోగవిద్య నేర్పిన యోగానంద నరసింహుడును ఉన్నాడు. కోపము వచ్చిన క్షణమున మాట విడువక, నెమ్మదిగా శ్వాస విడుచుచు పది మారులు గోవింద నామమును స్మరించుడు. ఆ పది నామములు ఆపిన మాటలు ఎన్ని కాపురములను నిలిపినవో!

ఉద్యోగ విరమణ, సేవా ప్రారంభము

"ఇక నావలన నేమగును?" అనుకొనువారు ఒంటిమిట్ట రాముని సేవించిన వావిలికొలను సుబ్బారావు గారిని స్మరింపవలెను. 1863లో జన్మించిన ఆ మహనీయుడు మొదట రెవెన్యూ శాఖలో కొలువు చేసి, పిదప చెన్నపట్టణపు ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు బోధించిరి. వాల్మీకి రామాయణమును ఆంధ్రీకరించి ఆంధ్ర వాల్మీకి యని కీర్తి గడించిరి. ఉద్యోగము చాలించిన పిదప ఇతరులు విశ్రాంతి కోరు వయస్సున, శిథిలావస్థలోనున్న కోదండరామాలయమును ఉద్ధరింప పూనుకొనిరి. చేతికొక టెంకాయచిప్ప తీసికొని ఊరూర భిక్షమెత్తిరి. కళాశాల పండితుడు బిచ్చమెత్తుటయా యని లోకులు నవ్వలేదా? ఆయన ఆ చిప్పమీద శతకమునే వ్రాసిరి! గౌరవమను బరువును దించుకొన్నవాని చేతిలో టెంకాయచిప్పయు అక్షయపాత్రయే. 1936లో పరమపదించువరకు ఆయనకు ప్రొద్దు పోకపోవుట అను బాధ లేదు.

తాళ్లపాక అన్నమాచార్యులవారు 1408లో జన్మించి 1503లో స్వామిలో లీనమైరి. పదునారవ యేట ఆరంభించిన కీర్తనా కైంకర్యమును తొంబదియైదవ యేటివరకు సాగించిరని సంప్రదాయము. ముప్పదిరెండు వేల సంకీర్తనలు ఒక్క దినమున వచ్చినవి కావు. నిత్యము తప్పని అలవాటునుండి వచ్చినవి. తమ పిమ్మట కుమారుడు పెదతిరుమలాచార్యులు ఆ కైంకర్యమును కొనసాగించునట్లు తీర్చిదిద్దిరి. మనము కీర్తనలు వ్రాయలేకపోవచ్చును. ఒక పూలమాల కట్టవచ్చును, ఒక బాలునకు ఒక పద్యము నేర్పవచ్చును, గుడిలో వత్తులు చేసి యియ్యవచ్చును. నేడు చేయవలసిన పని ఒకటి ఉన్నదని తెలిసి మేల్కొనువాడు ముసలివాడు కాడు.

పల్లకి మన వీధికి వచ్చును

ఇక ఆ వృద్ధుని ప్రశ్న. కొండ యెక్కలేనివానికి దర్శనమెట్లు? నామము మరచినవానికి గతి యేమి?

మొదటి ప్రశ్నకు అహోబలేశుడే ఏటేట సమాధానము చెప్పుచున్నాడు. సంక్రాంతి మరునాడు, కనుమనాడు, పారువేట ఉత్సవము ఆరంభమగును. జ్వాలా నరసింహ, ప్రహ్లాదవరద స్వాముల ఉత్సవమూర్తులు పల్లకి నెక్కి కొండ దిగివత్తురు. సుమారు నలువది దినములు ముప్పదికి పైగా గ్రామములలో తిరుగుదురు. చెంచుల ఆడపడుచును చేపట్టిన స్వామి తన కల్యాణమునకు రమ్మని ఊరూర తానే పిలుచుటకు వచ్చునని ఈ సీమవారి విశ్వాసము. మంచమున నున్న ముదుసలులను అరుగుమీదికి తెచ్చి కూర్చుండబెట్టుదురు. పల్లకి వారి ముందు ఆగును. మనము ఎక్కగలిగినన్నాళ్లు కొండ యెక్కుదుము. ఎక్కలేనినాడు ఆయన దిగివచ్చును.

రెండవదానికి సమాధానము అదే క్షేత్రమున, భవనాశినీ తీరమున వెలసిన వరాహ నరసింహుని సన్నిధిలో దొరకును. వరాహమూర్తి భూదేవికిచ్చిన అభయమును మన ఆచార్యులు వరాహ చరమశ్లోకమని కొనియాడిరి. దాని తాత్పర్యమిది: మనస్సు స్వస్థముగను, శరీరము దృఢముగను ఉన్నప్పుడు ఎవడు నన్ను స్మరించునో, వాడు అంత్యకాలమున కట్టెవలె, రాయివలె తెలివి తప్పి పడియున్నప్పుడు వానిని నేను స్మరింతును, నా భక్తుని నేనే పరమగతికి చేర్తును.

ఎంతటి మాట! కడపటి ఘడియలో జ్ఞప్తియుంచుకొను భారము మనది కాదు, ఆయనది. తల్లి పేరు పలుకలేని పసివానిని తల్లి మరచునా? కావుననే మన పని నేడే యున్నది. జ్ఞాపకము నిలిచియున్న ఈ దినమున ఒక్కసారి మనసార పిలుచుటయే ఆ పని.

మరల ఆ గ్రామమునకు వెళ్లినప్పుడు ఆ పెద్దాయన యిల్లు వెదకికొని పోయి ఈ అర్థమును చెప్పితిని. ఆయన చాలసేపు మాటాడలేదు. పిదప, "అయితే మరిచిపోయేది నేనే గాని ఆయన గాదన్నమాట" అని నవ్వెను. ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టినదో లేదో నాకు తెలియదు. నాకు మాత్రము పట్టినది.

ఇంటనున్న యువతీయువకులకు ఒక్క మాట. భగవంతుడే పల్లకి నెక్కి ముసలివారి వాకిటికి వచ్చుచుండగా, మనము ముందు గదినుండి వెనుక గదికి వెళ్లి వారి మంచము ప్రక్కన పది నిమిషములు కూర్చుండలేమా? వారు చెప్పిన కథనే మరల చెప్పినచో మొదటిసారి విన్నట్లే వినుడు. వారు మరచినదానిని మీరు జ్ఞప్తియుంచుకొనుడు. అదియు కైంకర్యమే.

అహోబలేశుని కరుణ ఎల్లరకును ఆయురారోగ్యములను, అన్నిటికి మించి నిశ్చింతను ప్రసాదించుగాక!