యూదుల పర్వదినములు - పరమార్థము

పర్వమనగా కణుపు. చెఱకుగడ కణుపుల బలముచే నిలుచును. కణుపునొద్దనే క్రొత్త మొలక పుట్టును. సంవత్సరమను గడకు పండుగలే కణుపులు. దినములు ఒకదాని వెంట నొకటి జాఱిపోవుచుండగా, మానవుడు ఒకచోట నిలిచి తానెవ్వరివాడో, ఎవ్వరికి ఋణపడియున్నాడో తలపోసికొనుటకై పెద్దలు పర్వములను నియమించిరి. ఈ సత్యము ఒక్క మన దేశమునకే చెందినది కాదు. మిక్కిలి ప్రాచీనమగు యూదమతమునందును సంవత్సరమంతయు పర్వములతో కూర్పబడియున్నది. వాని అంతరార్థమును పరిశీలించినచో వైష్ణవ గృహస్థులకు తమ వ్రతముల లోతు మఱింత విశదమగును.

యూదులు భారతదేశమునకు క్రొత్తవారు కారు. కొంకణ తీరమునందును, కొచ్చిన్ నగరమునందును వారు శతాబ్దుల తరబడి నివసించిరి. కొచ్చిన్ లోని పరదేశి సినగాగు అను ప్రార్థనామందిరము 1568లో నిర్మింపబడినది. 1948లో ఇస్రాయేలు రాజ్యము ఏర్పడిన పిమ్మట వారిలో పెక్కుమంది అచ్చటికి తరలిపోయిరి. గుంటూరు జిల్లాయందు తెలుగు మాటలాడు బెనె ఎఫ్రాయీమను చిన్న సమాజము నేటికిని ఈ పండుగలను ఆచరించుచున్నది.

వారి మాసములును మన మాసముల వలె చంద్రగతి ననుసరించును. సౌరమానముతో పొసగుటకై 19 సంవత్సరములలో 7 పర్యాయములు అధికమాసమును చేర్చుదురు. దినము సూర్యాస్తమయముతో ప్రారంభమగును. పండుగలన్నిటికిని మూలము వారమున కొకమారు వచ్చు శబ్బాతు. శుక్రవారము ప్రొద్దు క్రుంకక మునుపే గృహిణి దీపములు వెలిగించును. అది మొదలు శనివారము రాత్రి నక్షత్రములు కానవచ్చువఱకు 39 విధములైన పనులు నిషిద్ధములు. నిప్పు రాజేయరు, వంట చేయరు, వ్యాపారము సాగింపరు. సేవకులకును, పశువులకును సైతము ఆనాడు విశ్రాంతి నొసగవలెను. ఆఱు దినములు సృష్టి చేసి భగవానుడు ఏడవ దినమున విరమించెనని వారి విశ్వాసము. నేను చేయనిదే లోకము నడువదను కర్తృత్వాభిమానమును వారమున కొక దినమైన దించిపెట్టుటయే దీని పరమార్థము. భరన్యాసము నెఱిగిన వైష్ణవునకు దీనిని వేఱుగ వివరింప బనిలేదు.

మనకు భాద్రపదాశ్వయుజములు నడచు కాలమున వారి తిష్రీ మాసము వచ్చును. ఆ మాసారంభమే రోష్ హషానా, అనగా సంవత్సరాది. ఆనాడు పొట్టేలు కొమ్ముతో చేసిన షోఫారను వాద్యమును ఊదుదురు. 1204లో పరమపదించిన మైమోనిడీస్ అను ఆచార్యుడు, ఆ ధ్వని నిదురించు జీవులను మేల్కొలిపి తమ నడవడిని పరీక్షించుకొమ్మని హెచ్చరించు పిలుపని వివరించెను. ధనుర్మాసమున గోదాదేవి తన చెలులను మేల్కొలుపుట స్మరించువారికి ఈ భావము సులభముగ బోధపడును. కన్నులు తెఱచియుండియు నిదురించువారే లోకమున అధికులు గదా!

ఆ దినము మొదలు పది దినములు పశ్చాత్తాపకాలము. పదవనాడు యోం కిప్పూర్, ప్రాయశ్చిత్తదినము. ఇది వారి సంవత్సరమునకు శిరోభూషణము. సూర్యాస్తమయమునకు ముందు మొదలిడి, మఱునాటి రాత్రి వఱకు సుమారు 25 గంటలు అన్నపానములు రెండును వర్జింతురు. స్నానము, అభ్యంగనము, దాంపత్యసుఖము, తోలు పాదరక్షలు ఇవన్నియు నిషిద్ధములే. పలువురు ధవళవస్త్రములు ధరించి ప్రార్థనలో దినమెల్ల గడుపుదురు. క్రీ.శ. 70లో యెరూషలేము ఆలయము నాశమగునంతవఱకు, ప్రధానార్చకుడు గర్భాలయమున ప్రవేశించునది సంవత్సరమునందు ఈ ఒక్కదినమే.

అయితే ఈ ఉపవాసమునకు వారి ధర్మశాస్త్రము ఒక కఠిననియమమును విధించినది. భగవంతుని పట్ల చేసిన అపరాధము ఈ దినమున తొలగును. సాటిమానవుని పట్ల చేసిన అపరాధము మాత్రము, ఆ మానవుని ప్రసన్నుని చేసికొననంతవఱకు తొలగదు. కావున భక్తులు ఉపవాసమునకు ముందు దినములలోనే తాము నొప్పించినవారిని వెదకికొని పోయి క్షమాపణము వేడుదురు. అపహరించినది తిరిగి యిత్తురు.

ఈ ధర్మము మనకు అపూర్వమైనదా? భగవదపచారముకంటె భాగవతాపచారము ఘోరతరమని మన పూర్వాచార్యులు పలుమార్లు ఉపదేశించిరి. శ్రీమద్భాగవతములోని అంబరీషోపాఖ్యానమే దీనికి నిదర్శనము. ద్వాదశీ పారణ సమయము మించిపోవుచుండ, అతిథియగు దుర్వాసుడు నదినుండి మఱలి రానందున, రాజు పెద్దల అనుమతితో జలమును మాత్రము స్వీకరించెను. ముని కోపించి కృత్యను సృజించెను. సుదర్శనము కృత్యను దహించి మునిని వెంబడించెను. బ్రహ్మ రక్షింపలేదు, రుద్రుడు రక్షింపలేదు. తుదకు వైకుంఠనాథుడే తాను భక్తపరాధీనుడనని పలికి, ఎవనికి అపరాధము చేసితివో ఆ అంబరీషునే శరణు వేడుమని పంపివైచెను. ఆశ్రితరక్షకుడగు స్వామి మన్నింపలేనివాడు కాడు. నొచ్చిన హృదయమును త్రోసిరాజని తాను ముందుగా మన్నించుట ధర్మము కాదని లోకమునకు చాటెను. అంతవఱకు సంవత్సరకాలము రాజు భోజనమును మాని మునిరాకకై వేచియుండెను. అపరాధి క్షమ వేడవలెను. నొచ్చినవాడు అతని రాకకై వాకిలి తెఱచియుంచవలెను. కథలోని ధర్మము ఈ రెండిటితో గాని పూర్ణము కాదు.

ఏకాదశినాడు ఉపవసించి, పొలముగట్టు తగవుచే తోబుట్టువుతో పండ్రెండేండ్లుగ మాటలాడనివాడు ఏమి సాధించును? ఏడుకొండలు కాలినడక నెక్కి, ఇంట కోడలి కంటనీటికి కారణమైన అత్తగారి ముడుపు స్వామికి ఎట్లు ప్రీతికరమగును? హుండీలో వేయు కాసుకంటె ముందు, ఇంటిలో చెల్లింపవలసిన బాకీ యొకటి కలదు.

ప్రాయశ్చిత్తదినము గడచిన ఐదవనాడు సుక్కోత్ వచ్చును. పూర్వము ఎడారిలో సంచరించిన దినములకు గుర్తుగా ఏడు దినములు పర్ణశాలలలో భుజింతురు. పైకప్పునుండి నక్షత్రములు కానవచ్చునట్లు కొమ్మలు పఱతురు. పంట ఇల్లు చేరిన వేళనే, గోడలు కావు, దైవమే రక్షయని గుర్తుచేయుట దీని భావము. మఱియు రుచియు పరిమళమును గల మాదీఫలమును, రుచి మాత్రము గల ఖర్జూరజాతి మట్టను, పరిమళము మాత్రము గల కొమ్మను, రెండును లేని నీటియొడ్డు చెట్టుకొమ్మను ఏకముగ చేతబట్టుదురు. విద్యయు సత్కర్మయు గలవారు, ఒకటియే గలవారు, రెండును లేనివారు సైతము ఒకే సమాజమున నిలువవలెనని పెద్దల వ్యాఖ్యానము. తదుపరి ధర్మగ్రంథ పారాయణము ముగించి, ఆనాడే మఱల మొదలిడి, గ్రంథమును చేబూని నృత్యము చేయుదురు.

హేమంతమున ఎనిమిది రాత్రులు హనుక్కా దీపోత్సవము. క్రీ.పూ. 164లో ఆలయమును శత్రువులనుండి గ్రహించి శుద్ధిచేసినప్పుడు, ఒకనాటికి చాలు నూనె ఎనిమిదినాళ్లు వెలిగెనని ఐతిహ్యము. మొదటిరాత్రి ఒక దీపము, రెండవరాత్రి రెండు, ఇట్లు క్రమముగ పెంచుదురు. పవిత్రకార్యము పెరుగవలెనే గాని తఱుగరాదు. పిదప వచ్చు పూరీమునందు పేదలకు దానము, మిత్రులకు భక్ష్యములు పంపుట విధి.

వసంతమున పెసఖ్, ఐగుప్తు దాస్యమునుండి విముక్తి పొందిన పర్వము. ఇంటిలో పులిసిన పిండి అణువైన లేకుండ దీపముతో వెదకి తొలగింతురు. పొంగిన పిండి అహంకారమునకు చిహ్నమని పెద్దలందురు. రాత్రి భోజనవేళ కనిష్ఠబాలుడు ప్రశ్నింపగా ఇంటిపెద్ద పూర్వకథను వినిపించును. ప్రతివాడును తానే ఆ దాస్యమునుండి వెలువడినట్లు భావింపవలెను. శత్రువులు పొందిన పది ఉపద్రవములను చెప్పునప్పుడు పాత్రనుండి ద్రాక్షరసము పది బొట్లు తొలగింతురు. శత్రువు దుఃఖించినచోట మన ఆనందపాత్ర నిండుగ నుండరాదని దీనికి చెప్పు అర్థము. పిమ్మట 49 దినములు లెక్కించి, 50వ నాడు ధర్మోపదేశము లభించిన షావువోత్ పండుగ జరుపుదురు. విముక్తి ధర్మముతోనే సార్థకమగును. గ్రీష్మమున ఆవ్ మాసపు తొమ్మిదవనాడు, క్రీ.పూ. 586లోను, క్రీ.శ. 70లోను ఆలయము నాశమైన దుఃఖమును నేలపై కూర్చుండి, ఉపవసించి స్మరింతురు.

ఇట్లు విశ్రాంతి, జాగరణము, క్షమ, వినయము, విముక్తి, స్మరణము అను సోపానములతో వారి సంవత్సరము సాగును. అన్యుల ఆచారమును మనము గ్రహింప బనిలేదు. మన ఆచారములోని ప్రాణమును మఱువకుండిన చాలును. రాబోవు ఏకాదశికి ముందు, దశమినాడు, ప్రతి గృహస్థుడును తాను నొప్పించిన ఒక్కరి గడపకైన వెళ్లి మంచిమాట పలుకునుగాక. ఆ ఉపవాసమును భక్తపరాధీనుడగు శ్రీనివాసుడు ప్రీతితో స్వీకరించుగాక!