పిల్లల కోసమే కదండీ!

ఇల్లు కొన్నవాళ్ళెవరినైనా అడిగి చూడండి. "మాకేముంది, ఎక్కడున్నా గడిచిపోతుంది. పిల్లల కోసమే కదండీ!" అంటారు. కొననివాళ్ళనీ అడగండి. "ఉన్న నాలుగు రాళ్ళూ గోడల్లో పోస్తే రేపు పిల్లల చదువులకేం పెడతాం?" అంటారు. అటువాళ్ళూ ఇటువాళ్ళూ పిల్లల పేరే చెబుతారు గాని, పిల్లల్ని మాత్రం ఎవరూ అడగరు. మా ఏడేళ్ళదాన్ని అడిగితే, గోడ మీద బొమ్మలు గీసుకోనిచ్చే ఇల్లు కావాలంది. అద్దె ఇంట్లో ఒక మేకు కొట్టాలన్నా ఇంటావిడ మొహం చూడాలి, ఇక బొమ్మలు కూడానా!

మేముండేది పటాన్‌చెరులో. మావారి ఉద్యోగం ఇక్కడి పారిశ్రామికవాడలోనే. రెండేళ్ళుగా మా ఆదివారాలన్నీ ఇళ్ళు చూడ్డానికే సరిపోతున్నాయి. బీరంగూడ, అమీన్‌పూర్, ఇస్నాపూర్, ఐఐటీ వచ్చాక దశ తిరిగిన కంది, 2016లో తన పేరుతోనే జిల్లా ఏర్పడిన సంగారెడ్డి, ఏదీ వదల్లేదు. మా అత్తమ్మదొకటే మాట. "కిరాయి ఇంట్ల పిల్ల పెండ్లి చేస్తరా?" అంటుంది. పెళ్ళికింకా పదిహేను ఇరవై ఏళ్ళుందంటే వినిపించుకోదు.

మావారు లెక్కల మనిషి. 30 లక్షలు 8.5 శాతం వడ్డీకి ఇరవై ఏళ్ళకు తీసుకుంటే నెలకు 26 వేలు కట్టాలట, చివరికి అన్నీ కలిపి 62 లక్షలు దాటుతుందట. రిజిస్ట్రేషన్‌కు ఏడున్నర శాతం వేరే. ఇప్పుడు మేమిచ్చే అద్దె అందులో సగం కూడా లేదు. అలాగని అద్దె ఊరుకుంటుందా? ఏటేటా పెరుగుతుంది. పదకొండు నెలల కాగితం తిరగరాసేటప్పుడల్లా గుండె దడే. ఖాళీ చెయ్యమంటే పిల్ల బడి మారాలి, స్నేహితులు మారాలి. ఈ లెక్క ఎవరికి కావలసినట్టు వాళ్ళకు తేలుతుందని నాకు త్వరలోనే బోధపడింది.

నన్ను తికమక పెట్టింది ఈ లెక్క కాదు, ఒక వాసన.

పారిశ్రామికవాడకు దగ్గర్లో ఒక కాలనీలో ఇల్లొకటి చవగ్గా వచ్చింది. రెండు పడకగదులు, తూర్పు వాకిలి, ముందు వేపచెట్టు. చుట్టుపక్కల ధర కంటే నాలుగు లక్షలు తక్కువ. మేం వెళ్ళేసరికి పొద్దు గూకుతోంది. గాలిలో ఏదో ఘాటుగా, కుళ్ళిన గుడ్లలాంటి వాసన. పక్కింటామె వాకిట్లో నిలబడి ఉంటే, "ఈ వాసన రోజూ ఉంటుందా అమ్మా?" అనడిగాను. "ఏం వాసన అక్కా? నాకేం వస్తలేదే!" అంది. అంటూనే చంటిదాన్ని చంకనేసుకుని లోపలికి పోయి కిటికీ మూసింది.

ఆమె అబద్ధమాడిందని నేననను. మూడేళ్ళ కింద అప్పు చేసి కొనుక్కున్న ఇల్లు. వాసన ఉందని నోటితో అంటే అప్పు తగ్గదు గాని ఇంటి ధర తగ్గుతుంది. అదే మా వీధిలో చూడండి, రాత్రి పదింటికి గాలి తిరిగితే అద్దెకున్నవాళ్ళమంతా బాహాటంగా తిట్టిపోస్తాం. మాకేం భయం? ఇంకా కష్టమైతే సామాను సర్దుకుని పోతాం. సొంతిల్లున్నవాళ్ళు మాత్రం, ఎదిగిన పిల్లకున్న జబ్బును దాచినట్టు, మాట మారుస్తారు.

అయితే అద్దెకుండేవాళ్ళే సత్యసంధులని మురిసిపోదామా అంటే, అలా కుదర్లేదు. ఈ పటాన్‌చెరు, బొల్లారం ఫ్యాక్టరీల మురికి నక్కవాగులో పడి మంజీర దాకా పోయిన కథ మీలో కొందరికైనా తెలిసే ఉంటుంది. బావులు పాడయ్యాయి, పంటలు పోయాయి. 1990లో ఆ వ్యవహారం సుప్రీంకోర్టుకెక్కింది. అక్కణ్ణుంచి హైకోర్టుకు, ఆపైన హరిత ట్రిబ్యునల్‌కు మారి 2017లో గాని తీర్పు రాలేదు. కేసు వేసిన ఏడు పుట్టిన బిడ్డకు అప్పటికి 27 ఏళ్ళు! ఇన్నేళ్ళూ పట్టు వదలకుండా నిలబడ్డవాళ్ళెవరు? ఈ ఊళ్ళోనే వైద్యం చేస్తూ దశాబ్దాల పాటు పోరాడిన డాక్టర్ కిషన్‌రావు గారిలాంటివాళ్ళు, వాగు పక్కన పొలాలున్న రైతులు. వదిలి పోలేనివాళ్ళు, పోనివాళ్ళు. పదకొండు నెలల కాగితం చేతబట్టుకున్న నాలాంటిది ఇరవై ఏడేళ్ళు కోర్టు చుట్టూ తిరుగుతుందా?

అంటే, నిజం చెప్పే స్వేచ్ఛ ఉన్నవాళ్ళు ఊళ్ళో ఉండరు. ఉండేవాళ్ళకు నిజం చెబితే నష్టం. మరి మా పిల్లకు నేనేది ఇవ్వాలి?

పోనీ, సొంతమంటే శాశ్వతమా? 2024 సెప్టెంబరులో మా పొరుగునే అమీన్‌పూర్ మండలం కిష్టారెడ్డిపేట, పటేల్‌గూడల్లో ప్రభుత్వ భూమిలో కట్టారని హైడ్రా వాళ్ళు ఇళ్ళు కూలగొట్టారు. అప్పటినుంచీ మావారు లింకు డాక్యుమెంట్లు, చెరువు హద్దులు అంటూ నిద్రలో కూడా కలవరిస్తున్నారు. ఇక 2025 జూన్ 30న పాశమైలారంలో మందుల ఫ్యాక్టరీ పేలి నలభై మందికి పైగా పోయారు. వాళ్ళలో ఎంతోమంది ఎక్కడెక్కడి రాష్ట్రాలనుంచో పొట్ట చేతబట్టుకుని వచ్చినవాళ్ళు. కొనడమా, అద్దెకుండడమా అని తర్కించుకునే అవకాశమే లేనివాళ్ళను తలుచుకుంటే, నా ఆదివారాల చర్చ నాకే కొంచెం సిగ్గనిపించింది.

ఆ చవక ఇల్లు మేం తీసుకోలేదు. "నాలుగేళ్ళుండి లాభానికి అమ్ముకోవచ్చు కదా" అన్నారు మావారు. ఎవరికమ్ముతాం? చంటిపిల్లనెత్తుకుని, ఇలాగే పొద్దు గూకేవేళ వచ్చే ఇంకొక తల్లికేగా! ఆవిడ నన్ను, "ఈ వాసన రోజూ ఉంటుందా అమ్మా?" అనడిగితే నేనేం చెప్పాలి? ఈ మాటకు మావారి లెక్కల పుస్తకంలో జవాబు దొరకలేదు. ఆ ముక్క ఆయనే ఒప్పుకున్నారు.

అప్పటినుంచీ ఏ ఇల్లు చూసినా గదుల కొలతల కంటే ముందు అదే తడుముకుంటున్నాను. అమ్మేరోజున దీని గురించి ఉన్నదున్నట్టు చెప్పగలనా, ఉండిపోతే దీని కోసం నలుగురితో కలిసి నోరు విప్పగలనా అని. అలాంటి ఇల్లు దొరికేదాకా అద్దె కట్టడం నాకేమీ నామోషీగా లేదు. అత్తమ్మకుంది, నిజమే.

ప్రస్తుతం సంగారెడ్డి వైపు ఒకటి నచ్చింది. కాగితాలు వకీలు దగ్గరున్నాయి. ఈ శనివారం రాత్రి పదకొండింటికి వస్తామని బ్రోకరుకు కబురు పెడితే, "రాత్రిపూట ఇల్లేం కనబడ్తది మేడం?" అని విస్తుపోయాడు పాపం. ఇల్లు పగలే చూశాం నాయనా, ఇప్పుడు గాలిని చూడ్డానికొస్తున్నాం అన్నాను.