చేయకపోవడంలోని దోషం

పట్టణాల్లో కాలనీ సంక్షేమ సంఘాలు, అపార్ట్‌మెంట్ యజమానుల సంఘాలు సమావేశమైనప్పుడు చర్చకు వచ్చే విషయాలు ఏ ఊళ్లోనైనా దాదాపు ఒకటే: వానలకు ముందు కాలువల పూడికతీత, డాబా మీది నుంచి కారే నీరు, సంపు గోడల్లో బీటలు, పైపుల కోసం తవ్వి పూడ్చకుండా వదిలేసిన రోడ్డు, పేరుకుపోయిన మెయింటెనెన్స్ బకాయిలు. వీటిని కేవలం ఖర్చుకూ సౌకర్యానికీ సంబంధించిన లౌకిక వ్యవహారాలుగా చూసి, ధర్మవిచారణకు వీటితో పనిలేదని అనుకోవడం విద్యావంతుల్లో కూడా అలవాటైపోయింది. అయితే నలుగురూ వాడుకునేదాన్ని ఎవరు, ఎందుకు, ఎంతకాలం కాపాడాలి, కాపాడకపోతే ఆ దోషం ఎవరికి అంటుతుంది అనే ప్రశ్నలు భారతీయ ధర్మచింతనకు కొత్తవి కావు. చెరువుల గురించీ బావుల గురించీ శతాబ్దాల పాటు ఆలోచించిన ఆ సంప్రదాయంలోని కొన్ని భావనలను నేటి సంపుకూ డ్రైనేజీకీ అన్వయించి చూస్తే, ఉమ్మడి వసతుల మరమ్మతు నిత్యకర్మల కోవలోకి చేరే విధి అనీ, దాన్ని ఉదారుల దయకో తీరిక ఉన్నవారి సేవాభావానికో వదిలిపెట్టడానికి వీల్లేదనీ తేలుతుంది.

ధర్మశాస్త్రకారులు పుణ్యకార్యాలను ఇష్టం, పూర్తం అని రెండుగా విభజించారు. యజ్ఞయాగాది వైదిక కర్మలు ఇష్టం కాగా, బావులు, చెరువులు తవ్వించడం, తోటలు వేయించడం, గుళ్లు కట్టించడం, అన్నం పెట్టడం వంటి పదిమందికీ పనికివచ్చే కార్యాలు పూర్తం. యజ్ఞాధికారం లేదన్న స్త్రీలకూ శూద్రులకూ పూర్తంలో అధికారం ఉందని ఒప్పుకోవడం వల్ల ఇది ఇష్టం కంటే విశాలమైన ధర్మమైంది. తెలుగు నేల మీద ఈ భావన సప్తసంతానాల రూపం దాల్చింది; కొడుకు, చెరువు, కావ్యం, నిధి, గుడి, వనం, అగ్రహారం అనే ఏడూ మనిషి పేరును అతని తరువాత కూడా నిలబెట్టే సంతానాలని పెద్దలు లెక్కించారు. కాకతీయుల కాలంలో పాకాల, రామప్ప వంటి చెరువులు వెలసిన వెనుక రాజ్యానికి దక్కే ఆదాయంతో పాటు ఈ విశ్వాసం కూడా పనిచేసింది.

ఈ విశ్వాసానికి కడప జిల్లాలోని పోరుమామిళ్ల శాసనం గొప్ప సాక్ష్యం. బుక్కరాయల కుమారుడైన భాస్కర భవదూరుడు 1369లో వేయించిన ఆ శాసనం, అక్కడి చెరువు నిర్మాణానికి రోజుకు వెయ్యిమంది కూలీలూ వంద బండ్లూ రెండేళ్లు పనిచేసిన సంగతి చెప్పడంతో ఆగకుండా, మంచి చెరువుకు ఉండవలసిన 12 అంగాలనూ, ఉండకూడని 6 దోషాలనూ వివరిస్తుంది. కట్ట నుంచి నీరు కారడం ఆ దోషాల్లో ఒకటి. చవిటి నేల మరొకటి. రెండు రాజ్యాల పొలిమేరలో చెరువు ఉండటం ఇంకొకటి. ఈ చివరి దోషాన్ని నేల, నీరు, కట్టలకు సంబంధించిన దోషాల పక్కన అంతే బరువుతో చేర్చడం శాసనకర్త లోచూపును తెలియజేస్తుంది. పొలిమేరలోని చెరువు ఇద్దరిదీ అయినందువల్లనే చివరికి ఎవరికీ పట్టకుండా పోతుంది. తవ్వినవారు ఒక శాఖ, పూడ్చవలసినవారు మరొక శాఖ అయినప్పుడు మధ్యలో చిక్కుకున్న వీధిరోడ్డుకు పట్టే గతి కూడా అదే కాబట్టి, 650 ఏళ్ల నాటి ఆ పరిశీలనలో నేటికీ కాలదోషం పట్టిన మాట ఒక్కటీ లేదు.

సప్తసంతాన భావన కట్టినవాడి వైపు మొగ్గుతుంది. అదే సంప్రదాయంలో కాపాడినవాడి వైపు నిలిచే ధార ఒకటి ఉంది గానీ, దానికి రావలసినంత ప్రచారం రాలేదు. దానశాసనాల చివర కనిపించే శ్లోకాలు దానం, పాలనం అనే రెండింటిలో పాలనమే మిన్న అంటాయి. తాను ఇచ్చినదాని కంటే పరదత్తాన్ని, అంటే ఇతరులు ఇచ్చినదాన్ని, కాపాడటంలో రెట్టింపు పుణ్యం ఉందంటాయి. తరువాతి రాజులు దానభూములను లాక్కోకుండా అడ్డుకోవడమే ఆ శ్లోకాల తక్షణ ప్రయోజనం అన్నది నిజమే అయినా, అవి ప్రకటించే సూత్రం అంతకంటే విస్తృతమైనది. బావులను, తోటలను, చెరువులను, గుళ్లను తిరిగి బాగుచేసినవాడికి మొదట కట్టించినవాడితో సమానమైన ఫలం దక్కుతుందని విష్ణుస్మృతి చెప్పడం దీనికి బలం. గుడికి భూమి ఇచ్చే శాసనాలు నైవేద్యానికీ దీపానికీ తోడు ఖండస్ఫుటిత జీర్ణోద్ధారణకు, అంటే విరిగినవీ బీటలు వారినవీ బాగుచేయడానికి, ఆ రాబడిలో భాగం కేటాయించాయి. బౌద్ధసంఘంలో నిర్మాణాలనూ మరమ్మతులనూ పర్యవేక్షించే భిక్షువును నవకమ్మికుడు అంటారు. నాగార్జునకొండ శాసనాల్లో అలాంటి భిక్షువుల ప్రస్తావన ఉంది. సర్వం అనిత్యమని బోధించిన సంఘమే విహారం కప్పు కారకుండా చూసే పనిని ఒక బాధ్యతాయుతమైన పదవిగా నెలకొల్పింది. ఎలాగూ శిథిలమయ్యేదానికి శ్రమ ఎందుకు అని వైరాగ్యం పలికేవారికి ఇది సరైన సమాధానం, ఎందుకంటే అనిత్యత మరమ్మతు మానడానికి సాకు కాజాలదు. మరమ్మతు అవసరమయ్యేదే అనిత్యత వల్ల.

ఇక మరమ్మతు ఏ రకమైన విధి అన్న ప్రశ్న. మీమాంసకులు శాస్త్రవిహితమైన కర్మలను మూడు విధాలుగా చెబుతారు. ఒక కోరికతో చేసేది కామ్యం, ఒక సంఘటన కారణంగా చేయవలసి వచ్చేది నైమిత్తికం, బతికి ఉన్నంతకాలం తప్పక చేస్తూ ఉండవలసినది నిత్యం. నిత్యకర్మ చేసినందువల్ల ప్రత్యేకమైన ఫలం అంటూ ఏదీ ఉండదనీ, మానితే మాత్రం ప్రత్యవాయం అనే దోషం కలుగుతుందనీ ప్రసిద్ధమైన ఒక మతం. ఈ విభజనను కాలనీకి అన్వయిస్తే, స్వాగతతోరణం, కొత్త కమ్యూనిటీ హాలు, పార్కులో విగ్రహం కామ్యాలు. వాటికి శిలాఫలకం ఉంటుంది, దాని మీద పేర్లు ఉంటాయి. వరద వచ్చాక చేసే పనులు నైమిత్తికాలు. 1908 సెప్టెంబరులో మూసీ హైదరాబాదును ముంచెత్తిన తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల మేరకు సాగిన పనుల ఫలితంగా 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. నైమిత్తికం ఎంత ఘనంగా జరగగలదో చెప్పడానికి అంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. అయినా 2020 అక్టోబరు వానలకు అదే నగరంలో కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉండటానికి, ఒక చెరువు అలుగు నీరు మరొక చెరువుకు చేరేలా కట్టిన గొలుసుకట్టును, దాన్ని కలిపే నాలాలను ఏళ్ల తరబడి పట్టించుకోకపోవడం ఒక ముఖ్య కారణం. నైమిత్తికం ఎంత గొప్పదైనా నిత్యానికి బదులు కాలేదు.

ప్రత్యవాయం విషయంలో శంకరాచార్యులు లేవనెత్తిన ఆక్షేపణను ఇక్కడ పక్కన పెట్టడానికి వీల్లేదు. తైత్తిరీయ భాష్యంలోనూ గీతాభాష్యంలోనూ ఆయన వాదం ఇది: చేయకపోవడం అనేది అభావం, అంటే లేమి, లేమి నుంచి దోషమనే ఉన్న వస్తువు ఎలా పుడుతుంది? నిత్యకర్మ మానడం పూర్వపాపానికి గుర్తు కావచ్చు గాని దానికదే పాపాన్ని పుట్టించజాలదని ఆయన నిర్ణయం. తర్కం పదునైనది, కర్మసన్న్యాసం తీసుకున్నవాడికి దోషం అంటదని నిరూపించే సందర్భంలో అది అవసరమైన తర్కం కూడా. కానీ ఉమ్మడి వసతుల విషయానికి వచ్చేసరికి, చేయకపోవడం నిజంగా అభావమేనా అన్నదే అసలు ప్రశ్న.

డాబా మీద వెంట్రుకవాసి బీటను ఎవరూ పూడ్చలేదనుకుంటే, అక్కడ ఏమీ జరగకుండా ఉండదు. ఆ బీటలోంచి దిగిన వాననీరు స్లాబులోని ఇనుప చువ్వను చేరుతుంది. చువ్వ తుప్పు పడుతుంది. తుప్పు తాను పుట్టిన ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి కాంక్రీటును లోపలి నుంచి నెట్టుతుంది. అడుగున పెచ్చులు ఊడి, చువ్వ బయటపడి, మరింత గాలీ తేమా తగిలి పని ఇంకా వేగంగా సాగుతుంది. కాలువ సంగతీ అంతే. పూడిక తీయించి గట్టునే కుప్ప పోసి వదిలేస్తే మొదటి వానకే అది తిరిగి కాలువలో చేరుతుంది. ఎత్తిపోయకపోవడం అనే లేమిని వాన తన క్రియతో నింపుతుంది. మనిషి పని ఆపిన చోట నీరు, మట్టి, వేరు, తుప్పు తమ పనిని కొనసాగిస్తూనే ఉంటాయి. వాటిని అడ్డుకుంటామన్న ఒప్పందంతోనే కప్పు కిందకు, కట్ట దిగువకు మనుషులు చేరారు కాబట్టి, ఆ అడ్డును తీసివేయడం ఒక క్రియతో సమానం. సన్న్యాసి విషయంలో శంకరుల వాదం నిలవవచ్చు. లిఫ్టు వాడుకుంటూ, సంపు నీళ్లు తోడుకుంటూ ఉన్న గృహస్థు ఆ వాదం చాటున తలదాచుకోలేడు.

దోషం ఉందని ఒప్పుకున్నాక అది ఎవరిదన్న చిక్కు మిగులుతుంది. పైఅంతస్తు ఇంట్లో నీరు కారుతుంటే, కిందివారు తమకు డాబాతో సంబంధం లేదంటారు. లిఫ్టు చెడితే కిందివారే తాము ఎక్కనిదానికి డబ్బు ఎందుకు ఇవ్వాలంటారు. ఈ రెండు వాదాల వెనుకా ఉన్న ఊహ ఏమిటంటే, బాధ్యత వాడకాన్ని బట్టి ముక్కలవుతుందని. చట్టం ఈ ఊహను అంగీకరించలేదు. 1987 నాటి ఆంధ్రప్రదేశ్ అపార్ట్‌మెంట్ల చట్టంలో ఉమ్మడి స్థలాల మీద ప్రతి యజమానికీ ఉండే హక్కు అవిభక్త వాటా. ఇది డాబాలో నీ భాగం, ఇది నా భాగం అని గీత గీయడానికి వీల్లేదు. మహారాష్ట్ర 1970 చట్టమూ కర్ణాటక 1972 చట్టమూ ఇంకా ముందుకు వెళ్లి, ఉమ్మడి సౌకర్యాలను తాను వాడుకోనని చెప్పి కూడా ఏ యజమానీ ఖర్చు నుంచి తప్పించుకోలేడని స్పష్టం చేశాయి.

మీమాంసలో ఇంతకంటే లోతైన నమూనా ఉంది. సత్రయాగం అనేది 17 మందికి తక్కువ కాకుండా, 24 మందికి మించకుండా కలిసి చేసే దీర్ఘయజ్ఞం. మామూలు యజ్ఞంలో యజమాని ఒకడు, దక్షిణ తీసుకుని కర్మ నడిపే ఋత్విజులు వేరు. సత్రంలో కూర్చున్న ప్రతివాడూ యజమానే, ప్రతివాడూ ఋత్విజుడే. కాబట్టి అక్కడ దక్షిణ లేదు. ఇంతమంది కలిసి చేసిన కర్మ ఫలం వాటాలుగా పంచబడుతుందా అన్న ప్రశ్నకు, పంచబడదు, ఒక్కొక్కరికీ పూర్తి ఫలం దక్కుతుంది అని జైమిని సంప్రదాయం సమాధానమిచ్చింది. ఫలం పంపకం కానప్పుడు దోషం కూడా పంపకం కాదని అనుకోవడం న్యాయం. 24 ఫ్లాట్ల సంఘంలో రెయిలింగు విరిగి పిల్లవాడు పడితే, ఒక్కొక్కరికీ 24వ వంతు దోషమే అంటుతుందని లెక్కవేయడం మనసును ఊరడిస్తుందే తప్ప నిజం కాదు. ఖర్చును చదరపు అడుగుల చొప్పున విభజించవచ్చు, విభజించాలి కూడా. బాధ్యత మాత్రం ఒక్కొక్కరి దగ్గరా సంపూర్ణంగానే ఉంటుంది.

ఈ సత్రం నమూనాను పొగిడి ఊరుకుంటే అది అన్యాయమవుతుంది, ఎందుకంటే సత్రంలో కూర్చునే అర్హత బ్రాహ్మణులకే ఉండేది. పూర్తధర్మం తలుపులు తెరిచినా మట్టి మోసినవారి పేర్లు శాసనాలకు ఎక్కలేదు. గ్రామంలో చెరువు మరమ్మతుకు రైతులు ఉమ్మడిగా శ్రమ చేసే ఆచారాన్ని బ్రిటిష్ ప్రభుత్వం 1858లో మద్రాసు నిర్బంధ శ్రమ చట్టంగా మార్చినప్పుడు, ఎవరి శ్రమ నిర్బంధమైందో ఊహించడం కష్టం కాదు. తూములు ఎత్తి దించే నీరుగంటికి పంటలో వంతు ఉండేది గానీ, ఊరి పెద్దల పక్కన కుర్చీ ఉండేది కాదు. పాలనం దానం కంటే గొప్పదని చెప్పిన సమాజమే పాలించే చేతులను తక్కువ చేసి చూసింది. పరదత్త పాలనను ఆదర్శంగా ఎత్తిచూపే ఎవరైనా ఈ వైరుధ్యాన్ని దాటవేయకూడదు.

అది నేడు అన్నిటికంటే క్రూరంగా కనిపించేది మ్యాన్‌హోల్ దగ్గర, సెప్టిక్ ట్యాంకు దగ్గర. మూత పెట్టిన మురుగులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ గాలి కంటే బరువైనది కాబట్టి అడుగున నిలుస్తుంది. కొద్దిగా ఉన్నప్పుడు కుళ్లిన గుడ్ల వాసన వేస్తుంది, మోతాదు పెరిగేసరికి వాసన పసిగట్టే శక్తినే చంపేస్తుంది. దిగినవాడికి ప్రమాదం తెలిసేలోపే స్పృహ పోతుంది. కోలార్ బంగారు గనుల దగ్గర తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ ఈ పనిని అంతం చేయడానికి సఫాయి కర్మచారీ ఆందోళన్ ద్వారా దశాబ్దాలుగా పోరాడుతున్నారు. ఆ సంస్థ వేసిన కేసులోనే సుప్రీంకోర్టు 2014 మార్చి 27న, మురుగు కాలువల్లో చనిపోయినవారి కుటుంబాలకు 10 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని తీర్పు చెప్పింది. 2023 అక్టోబరులో మరొక కేసులో ఆ మొత్తాన్ని 30 లక్షలకు పెంచింది. మనుషుల చేత పాకీపని చేయించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం రక్షణ సాధనాలు లేకుండా మనిషిని మురుగు కాలువలోకో సెప్టిక్ ట్యాంకులోకో దింపే పని ఏ వ్యక్తీ, ఏ సంస్థా, నేరుగా గాని మరొకరి ద్వారా గాని చేయించకూడదు. ఈ నిషేధం అపార్ట్‌మెంట్ సంఘానికీ వర్తిస్తుంది. మేస్త్రీకి కాంట్రాక్టు ఇచ్చాం, మనిషిని అతను తెచ్చుకున్నాడు అన్న మాట చెల్లదు.

సెప్టిక్ ట్యాంకు శుభ్రం చేయించే విషయం సమావేశానికి వచ్చినప్పుడు యంత్రం ఉన్న బండికి ఇంత, మనిషికి ఇంత అని రెండు రేట్లు ముందుంచి, తేడాను నెలవారీ లెక్కలో చూపి, తక్కువది చాలని తీర్మానించే పద్ధతి ఇంకా పోలేదు. ఆ తేడా ఒక్కొక్క ఇంటికి చాలా చిన్న మొత్తంగా తేలుతుంది. తీర్మానానికి చేయెత్తినవారు, మౌనంగా కూర్చున్నవారు, ఆ రోజు సమావేశానికి రాకుండా తరువాత తమ వాటా కట్టినవారు అందరూ, సత్రంలో మాదిరిగానే, ఆ కర్మకు పూర్తి యజమానులు.