పొగ లేకున్నా గుండెకు సెగే

ఈ-సిగరెట్‌లో పొగాకు కాలదు, తారు రాదు. అందుకే మామూలు సిగరెట్ కంటే దాని హాని 95 శాతం తక్కువని 2015లో ఇంగ్లండ్ ప్రజారోగ్య సంస్థ అంచనా కట్టింది. మన భారత వైద్య పరిశోధన మండలి మాత్రం 2019 మేలో పూర్తి నిషేధం కోరింది. ఆ ఏడాదే చట్టమూ వచ్చింది.

మరి గుండె మాటేమిటి? ఈ-సిగరెట్‌లోని నికోటిన్ ఒంట్లో చేరగానే అడ్రినలిన్ ఎగదన్నుతుంది. గుండె వేగం పెరుగుతుంది, రక్తనాళాలు బిగుసుకుంటాయి, రక్తపోటు ఎక్కుతుంది. తారు తప్పినా గుండెకు ఈ బరువు తప్పదు. ఏళ్ల తరబడి సిగరెట్ మానలేనివారికి ఇంగ్లండ్ మాట ఊరట కావచ్చు. ఎన్నడూ పొగ ముట్టని కుర్రాడికి మాత్రం ఈ-సిగరెట్ కొత్త వ్యసనమే. అందుకే నేను మండలి పక్షం.

మానాలనుకునేవారు 1800-11-2356కు ఫోన్ చేయండి, ఉచితం.